మూడు సెకన్ల దీపం

లిఫ్టు మెకానిక్ ఆ శనివారం పనికి సెలవు పెట్టాడు. మధ్యాహ్నం ఒంటిగంటకి భార్య బడి నుంచి వచ్చేలోగా దీపం సిద్ధం కావాలి. నాలుగింటికి ఆవిడ రైలు.

గొడవంతా గోడ గడియారంతో మొదలైంది. భార్య, అంటే టీచరమ్మ, దాన్ని ఒక గోడ మీంచి తీసి ఎదురుగోడకి తగిలించింది. ఎనిమిది రోజులపాటు ఆయన ఖాళీ మేకు వంక చూసి, టైమెంతయిందని ఆవిడనే అడిగాడు తప్ప, గడియారం ఏమైందని అడగలేదు. తొమ్మిదో రోజున ఆవిడ అటక మీంచి పెట్టె దింపింది. "ఈ సెలవులు నెలరోజులూ మా అక్క దగ్గరుంటాను. నేను ఇంట్లో లేనని ఎప్పటికైనా తెలిస్తే ఫోన్ చెయ్యండి" అంది. అరిచి ఉంటే ఆయన అంత భయపడేవాడు కాదు. మామూలుగా అంది.

ఇది పదిరోజుల కిందటి మాట. ఆ పదిరోజులూ ఆయన ఊరికే కూర్చోలేదు. లిఫ్టు తలుపుకి ఒక కన్ను ఉంటుంది. గుమ్మంలో ఎవరైనా నిలబడి ఉంటే అది కనిపెడుతుంది. పాతదైపోయి పక్కన పడేసిన అలాంటి కన్నొకటి తెచ్చి హాలు గుమ్మానికి బిగించాడు. పెద్ద గాజు సీసాలో రంగురంగుల చిన్న బల్బులు పెట్టి, చుట్టూ పల్చటి కాగితం అంటించి, ఎదురుగా అలమరలో నిలబెట్టాడు. ఎవరు పడితే వాళ్ళొస్తే వెలగదు. ఆవిడ అడుగుపెడితే మాత్రం నారింజ రంగులో వెలిగి, మెల్లగా నీలంలోకి మారుతుంది. దీపం ఆవిడని ఎలా పోల్చుకుంటుందన్నది ఆయన ఒక్కడికే తెలిసిన కిటుకు. "నేను పట్టించుకోనని ఇప్పుడు అనమను" అని సీసాతో చెప్పుకున్నాడు.

పదిన్నరకి అత్తగారు డాబా మీంచి ఆరిన బట్టల బుట్టతో దిగొచ్చింది. దీపం వెలిగింది.

"ఇదేంటి బాబూ, నేను రాగానే వెలిగింది?"

ఆయన సీసా వంకా గుమ్మం వంకా మార్చి మార్చి చూశాడు. పెద్దావిడ బుట్ట కింద పెట్టి కళ్ళు తుడుచుకుంది. "నాకోసం చేశావా? కన్నకొడుక్కి కూడా తోచలేదయ్యా ఇలాంటిది."

"అవునత్తయ్యా" అన్నాడు. ఇంకేమనగలడు?

పావుగంటలో ఆ సంగతి పక్కింటికి చేరింది. పక్కింటి పిన్నిగారు ఎప్పుడో పట్టుకెళ్ళిన పెద్ద గిన్నె తిరిగివ్వాలని ఇవాళే గుర్తొచ్చి, దాన్ని రెండు చేతులా పట్టుకుని వచ్చింది. దీపం వెలిగింది. ఆవిడ చేటంత మొహం చేసుకుని వెళ్ళి మెట్లన్నీ ఎక్కి దిగి చెప్పింది. ఆ తర్వాత కథ మెకానిక్ చేతుల్లోంచి జారిపోయింది. జనం ఒకరి వెనక ఒకరు రావడం మొదలెట్టారు. వాళ్ళెవరికీ వెలగలేదు. సిలిండర్ భుజాన పెట్టుకుని అడ్డంగా లోపలికొచ్చిన గ్యాసతనికి మాత్రం హాలంతా నీలమయ్యేలా వెలిగింది.

"మనసు మంచిదైతేనే వెలుగుతుంది" అని అత్తగారు తేల్చేసింది.

బిల్డింగ్ ప్రెసిడెంటు చేతులు వెనక్కి కట్టుకుని మూడుసార్లు గుమ్మం దాటాడు. మూడుసార్లూ సీసాలో ఉలుకూ పలుకూ లేదు. "ఈ వైరింగుకి పర్మిషన్ ఎవరిచ్చారు?" అని అడిగి, వెలిగేదాకా కదలనన్నట్టు సోఫాలో కూర్చున్నాడు. మెకానిక్ స్టూలెక్కి, గుమ్మానికి బిగించిన కన్ను విప్పి చూశాడు. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. అదే ఆయనకి అంతుపట్టలేదు.

ఒంటిగంటకి టీచరమ్మ వచ్చేసరికి మెట్ల నిండా జనం. అత్తగారు ఎదురెళ్ళి కూతురి చేతిలో సంచులన్నీ లాక్కుంది. "నువ్వు హాయిగా నడిచి రావే. నీకెలా వెలుగుతుందో అందరూ చూడాలి."

టీచరమ్మ హాయిగా నడిచి వచ్చింది. వెలగలేదు. వెనక్కెళ్ళి మళ్ళీ వచ్చింది. వెలగలేదు.

"అమ్మకి, పిన్నిగారికి, గ్యాసతనికి వెలిగిందన్నమాట" అంది. "మీరు చేసిన దీపం కదా. మీలాగే ఉంది." లోపలికెళ్ళి పెట్టె తెచ్చుకుంది. దిద్దాల్సిన పుస్తకాల సంచి భుజానికి తగిలించుకుంది, నీళ్ళసీసా చంకన పెట్టుకుంది, ఎవరివంకా చూడకుండా గుమ్మంలోకి నడిచింది.

దీపం వెలిగింది. నారింజ రంగు, తర్వాత నీలం.

"ఇది వెళ్ళేవాళ్ళకి వెలిగే దీపంలా ఉంది" అన్నాడు ప్రెసిడెంటు, కాస్త తేరుకుని.

"నీకోసమే చేశాను" అన్నాడు మెకానిక్, స్టూలు మీంచే. "గుమ్మంలో మూడు సెకన్లు ఉంటేనే వెలుగుతుంది. మామూలు మనుషులు ఒక్క సెకనులో దాటేస్తారు. నువ్వు పక్కకి తిరుగుతావు, మోచేత్తో తలుపు నెడతావు, ఎడమకాలు ముందు పెడతావు, మడమతో తలుపు మూస్తావు. సరిగ్గా మూడున్నర సెకన్లు. వారం రోజులు వాచీ పెట్టి కొలిచాను. నీ నడకే అంత నిదానం."

"ఎక్కణ్ణుంచి కొలిచారు?"

"ఆ కుర్చీలోంచి."

ఆవిడ కుర్చీ వంక చూసింది. "తలుపు మోచేత్తో ఎందుకు నెడతానండీ?"

ఆయన ఆవిడ చేతుల వంక చూశాడు. బట్టల బుట్ట, పెద్ద గిన్నె, సిలిండర్ ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. ఏడు రోజులు, రోజూ మూడున్నర సెకన్లు, ఆవిడ సంచులతో గుమ్మంలో అవస్థపడుతుంటే తాను కుర్చీలో కూర్చుని లెక్క రాసుకున్నాడు. స్టూలు దిగి, పెట్టె అందుకుని, భుజాన సంచి కూడా తీసుకున్నాడు.

"స్టేషన్‌కి నేనూ వస్తాను" అన్నాడు.

టీచరమ్మ ఖాళీ చేతులు ఓసారి విదిలించుకుంది. "ఎడమకాలేనా ముందు పెడతాను?"

"ఎప్పుడూ."

"పెట్టె లోపల పెట్టండి. అక్కకి నేను చెప్పుకుంటాను."

ఆ తర్వాత మెట్ల మీద చెప్పుల చప్పుడు వినపడగానే ఆయన కుర్చీలోంచి లేచి ఎదురెళ్ళి భార్య సంచులూ, అత్తగారి బట్టల బుట్టా అందుకోవడం మొదలెట్టాడు. టీచరమ్మ చేతులూపుకుంటూ ఒక్క సెకనులో గుమ్మం దాటేస్తుంది.

దీపం మళ్ళీ వెలిగింది మాత్రం నెల తర్వాతే, గ్యాసతను వచ్చినప్పుడు.