గ్రంథసూచికలో కీర్తిశేషులు

ఆ రోజు పొద్దున్న పైడయ్య ఇంట్లో పథకం పక్కాగా ఉంది. కూతురు సూర్యకళ జాలరి పాటల మీద రాసిన పిహెచ్.డి. గ్రంథాన్ని సాయంత్రం ఐదింటికి ఆఫీసు మూసేలోగా యూనివర్సిటీలో ఇచ్చెయ్యాలి. గడువు అప్పటికే పెంచీ పెంచీ ఉన్నారు. ఇవాళ తప్పితే రిజిస్ట్రేషన్ రద్దు, ఇన్నేళ్ల చదువూ గంగపాలు. ఇక మిగిలింది చివరి పేజీలే. ఏయే పుస్తకాలు చూసి రాసిందో, ఎవరెవరి దగ్గర పాటలు సేకరించిందో చెప్పే గ్రంథసూచిక. దాన్ని పైడయ్య పాతపోస్టాఫీసు దగ్గర సొహైల్ డీటీపీ సెంటర్లో కొట్టించి, బస్సెక్కి యూనివర్సిటీకి తేవాలి. ఈలోగా సూర్యకళ లైబ్రరీలో తన పేర పుస్తకాలేవీ బాకీ లేవన్న కాగితం కోసం క్యూలో నిలబడాలి.

"నాన్నా, రాసింది రాసినట్టు కొట్టించు. ఇంటిపేరు, పేరు, ఏడాది, పుస్తకం. అంతే. నువ్వేం కలపకు," అంది సూర్యకళ.

పైడయ్య కాగితం చూసి గతుక్కుమన్నాడు. "ఏటమ్మా ఇది? కూర్మనాథం అని రాసీసినావు! ఆయనేటి నీ ఈడోడా? ముందు శ్రీ లేదు, ఎనక గారు లేదు."

"పద్ధతి అంతే నాన్నా. ప్రపంచమంతా అలాగే రాస్తారు."

"పెద్దోలని పేరెట్టి పిలిసీడం ఏం పద్దతమ్మా?"

"సెప్పింది సెయ్యి. నీకెందుకా గోల?" అని వంటింట్లోంచి చిట్టమ్మ కేకేసింది. మొగుడి సంగతి ఆవిడకి తెలుసు.

పైడయ్యది జాలరి కుటుంబం. వాళ్లలో మొదట చదువుకుని పోర్టు ఆఫీసులో గుమాస్తా అయినవాడు అతనే. తండ్రిని హార్బరులో ప్రతివాడూ "ఒరే" అని పిలవడమే విన్నాడు గానీ, "గారు" అన్నవాణ్ణి ఒక్కణ్ణీ చూడలేదు. తనకి మొట్టమొదట "శ్రీ పైడయ్య గారికి" అంటూ ఉత్తరం వచ్చిన రోజున దాన్ని చిట్టమ్మకి మళ్లీ మళ్లీ చదివి వినిపించాడు. అందుకే రిటైరయ్యేదాకా ఎవరికి ఏ ఉత్తరం రాసినా గారు పెట్టకుండా రాయలేదు. గారు అనేది అతనికి మర్యాద కాదు, ఆకలి.

సొహైల్ దుకాణంలో అసలు వ్యాపారం పెళ్లికార్డులు. కాగితం చూడగానే అతనికీ ఏదో వెలితిగా అనిపించింది.

"ఇదేంటి బాబాయ్, బోసిగా ఉన్నాయి పేర్లు?"

"నానూ అదే అన్నాను. అందరికీ శ్రీ తగిలించీ. ఎనక గారు."

"శ్రీ ఊరికే పెట్టకూడదు బాబాయ్. పోయినోళ్లకి కీ.శే. పెట్టాలి. మొన్న ఒక కార్డులో పోయిన తాతగారికి శ్రీ పెట్టేశానని పెళ్లోళ్లు కట్ట మొత్తం తిరక్కొట్టారు. వీళ్లలో ఎవరున్నారు, ఎవరు పోయారు?"

పైడయ్యకేం తెలుసు? ఇద్దరూ కాసేపు ఆలోచించారు. చివరికి సొహైల్‌కే ఉపాయం తట్టింది. పేరు పక్కనే పుస్తకం వచ్చిన ఏడాది ఉంది కదా! పందొమ్మిదొందల అరవైకి ముందు రాసినవాళ్లంతా కీర్తిశేషులు, తర్వాత రాసినవాళ్లంతా శ్రీలు. ఆ లెక్కన కంప్యూటరు పండితులందరినీ చకచకా విడదీసింది. పాటలు పాడినవాళ్లలో పైడయ్య అక్క దేముడమ్మ ఉంది. ఆమె పేరు "శ్రీమతి దేముడమ్మ గారు" అని అచ్చులో చూసుకుని పైడయ్య కళ్లు తుడుచుకున్నాడు.

యూనివర్సిటీకి వచ్చేసరికి సూర్యకళ ఇంకా లైబ్రరీ క్యూలోనే ఉంది. పైడయ్య కాగితాలు అటెండరు అబ్బులు చేతికిచ్చాడు. అబ్బులు వాటిని పద్మావతి మేడమ్ బల్ల మీద పెట్టబోతూ ఒకచోట ఆగిపోయాడు. మేడమ్ సూర్యకళకి గైడు, డిపార్టుమెంటుకి హెడ్డు.

"అయ్యో! కూర్మనాథం మాస్టారు పోనారా?"

"అలగే రాసుంది కదా బాబూ," అన్నాడు పైడయ్య. తను తెచ్చిన కాగితమే తనకి సాక్ష్యం.

పద్మావతి మేడమ్ కూర్మనాథం గారి శిష్యురాలు. అబ్బులు మోసుకొచ్చిన కబురు వినగానే కుప్పకూలిపోయింది. తేరుకుని మాస్టారింటికి ఫోన్ చేస్తే ఎంతసేపు మోగినా ఎవరూ ఎత్తలేదు. అందరూ శ్మశానానికి వెళ్లి ఉంటారనుకుని మరికాస్త ఏడ్చింది. భోజనాల తర్వాత సంతాప సభ, సభ అయ్యాక డిపార్టుమెంటుకి సెలవు అని నోటీసు బోర్డెక్కింది. ఆఫీసు గుమాస్తా అంతవరకూ ఆగలేక, సభ మొదలవగానే తాళం వేసి బస్టాపు దారి పట్టాడు.

సభలో పైడయ్య చివరి వరుసలో కూర్చున్నాడు. తన కాగితం ఇంతమంది పండితుల్ని కదిలించిందని లోలోపల కాస్త గర్వంగా కూడా ఉంది. బల్ల మీద స్టోరు రూములో దొరికిన పాత ఫొటో, దానికో దండ, పక్కనే పైడయ్య తెచ్చిన కాగితం. ఫొటోలో ఒత్తైన నల్లజుట్టు యువకుడు. ఇంతలో లైబ్రరీ వైపు నుంచి గొడుగు ఊపుకుంటూ ఒక బట్టతల ముసలాయన వచ్చి పైడయ్య పక్కన కూర్చున్నాడు.

"ఎవరికండీ సభ?"

"కూర్మనాథం గారని, పెద్ద పండితుడంటండి. పోనారు, పాపం."

ముసలాయన గొడుగు కుర్చీకి ఆనించాడు. "ఎప్పుడుట?"

"అది తెలీదండి. అచ్చులో వచ్చింది. ఆ కాయితం నానే తెచ్చినాను."

"అచ్చులోనే వచ్చిందా? అయితే ఖాయమే," అని ఆయన కళ్లజోడు సర్దుకుని శ్రద్ధగా ముందుకు వంగాడు.

వేదిక మీద ఒక లెక్చరరు మాట్లాడుతున్నాడు. "నా పుస్తకాన్ని మాస్టారు చీల్చి చెండాడిన మాట నిజమే. కానీ ఆ తప్పులు ఆయన పట్టకపోతే నాకు తెలిసేవే కావు."

"ఈ ముక్క అప్పుడే అనుంటే కాఫీకి పిలిచేవాణ్ణిగా!" అని గొణిగాడు ముసలాయన. మౌనం పాటించమంటే అందరితోపాటు తనూ లేచి తలవంచుకున్నాడు. మౌనం ముగిశాక మాత్రం కూర్చోలేదు.

"అమ్మా పద్మావతీ, నేనూ ఓ మాట చెప్పొచ్చా?"

పద్మావతి మేడమ్ కళ్లు తుడుచుకుని, కళ్లజోడు పెట్టుకుని చూసి, కెవ్వుమంది. లెక్చరరు మైకు వెనక్కి తప్పుకున్నాడు. అబ్బులు పైడయ్య వైపు వేలు చూపించాడు, పైడయ్య కాగితం వైపు చూపించాడు. సరిగ్గా అప్పుడే తాళం వేసున్న ఆఫీసు చూసి సూర్యకళ పరుగెత్తుకొచ్చింది. బల్ల మీది కాగితం తీసి చదివి, నెత్తిన చెయ్యి పెట్టుకుంది.

"నాన్నా! ఏం చేశావ్? ఆఫీసుకి తాళం వేసేశారు!"

"గౌరవం ఇచ్చినానమ్మా! అప్పుడెప్పుడో రాసినోలు ఇంకా ఉంటారని నాకెలా తెలుస్తాది?" అన్నాడు పైడయ్య. తన కాగితం వల్లే ఆ తాళం పడిందని అప్పుడు వెలిగింది. ముసలాయన ముందు చేతులు జోడించాడు. "బాబూ, తప్పు నాది. పిల్లకేటీ తెలీదు. దాని సదువుని నా సేతుల్తోనే ముంచీసినాను."

"నేనేం చెయ్యను? సెలవు ప్రకటించేశాక తాళం ఎలా తీయిస్తాను?" అంది పద్మావతి మేడమ్.

"సెలవు ఎందుకిచ్చావమ్మా?" అడిగారు కూర్మనాథం గారు.

"మీరు పోయినందుకండీ."

"నేను పోయానా?"

"లేదండీ."

"మరి సెలవెక్కడిది? తియ్యండి తలుపులు!"

అబ్బులు బస్టాపుకి పరిగెత్తి, బస్సు మెట్టు మీదున్న గుమాస్తాని చొక్కా పట్టుకుని దింపుకొచ్చాడు. ఈలోగా కూర్మనాథం గారు తన పేరు ముందున్న కీ.శే. కొట్టేసి, పక్కన సంతకం పెట్టారు. మిగతా కీ.శే.లూ శ్రీలూ గారులూ పద్మావతి మేడమ్ కొట్టేస్తూ వచ్చింది. దేముడమ్మ దగ్గరికొచ్చేసరికి ఆయన ఆమె పెన్ను పట్టుకున్నారు.

"ఇది ఉండనీ. మనకి ఈ గౌరవాలు బోలెడు దొరికాయి. పాడినావిడకి ఇదొక్కటేగా!"

సూర్యకళ వచ్చి తండ్రి భుజం పట్టుకుంది. గుమాస్తా గొణుక్కుంటూనే గ్రంథం తీసుకుని రసీదు రాసిచ్చాడు.

అందరూ కదులుతుంటే కూర్మనాథం గారు మాత్రం గుమ్మంలో ఆగారు.

"పద్మావతీ, ఆ సంతాప తీర్మానం కాపీ ఒకటి ఇప్పించు."

"ఇంకా అదెందుకండీ? చించేస్తాం."

"చించకమ్మా. మీరంతా నన్ను మెచ్చుకున్నారంటే మా ఆవిడ ఆధారం చూపించమంటుంది."