కళ్ళజోడు మహిషాసురుడు

క్యాసెట్ కవరు మీద దుర్గమ్మ కాలి కింద, గుండెల్లో త్రిశూలం దిగబడి వెల్లకిలా పడి ఉన్న మహిషాసురుడు అచ్చంగా తన భర్తేనని భ్రమరాంబ పొద్దున్నే కాఫీ తాగుతూ కనిపెట్టింది.

ప్రెస్సు నుంచి పెట్టె అప్పుడే వచ్చింది. సినిమా ట్యూన్లలో ఆమె పాడిన అమ్మవారి పాటలు ఆ సాయంత్రం సీతమ్మధారలో ఒక గుడి హాల్లో విడుదల కావాలి. పెళ్ళికి ముందు రాజోలులో నేర్చుకున్న సంగీతాన్ని ఇన్నేళ్ళూ వంటింటి గోడలే విన్నాయి. ఇక ఊరు వినబోతోంది. పులిహోర కలపడం, పట్టుచీర ఇస్త్రీ చేయించడం, పెట్టెను రిక్షాలో వేసుకుని వెళ్ళడం ఆనాటి కార్యక్రమం. అందులో రాక్షసుడు లేడు.

"ఏవండీ, ఇది మీరే!"

పోర్టులో సీనియర్ క్లర్కు కామరాజు కవరు చూశాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఛ! మనిషిని పోలిన మనుషులుంటారు."

"మహిషాసురుడికి కళ్ళజోడుంటుందా? కొమ్ముల మధ్య పాపిడి కూడా మీదే. ఎవరో పగబట్టి వేయించారు."

"పోనిద్దూ. అమ్మవారి బొమ్మ. గొడవెందుకు?"

పగ అనగానే ఆమెకు పక్క క్వార్టర్లోని సత్యం గుర్తొచ్చాడు. ఆఫీసులో ఫ్యాను కింద కుర్చీ దగ్గర పేచీ వచ్చి అతనికీ కామరాజుకీ మాటల్లేవు. భ్రమరాంబ నేరుగా వెళ్ళి కవరు అతని ముందు పెట్టింది.

"నాను ఏయించేనా? కుర్సీ కోసం మనిషిని రాక్షసుణ్ని సేసీత్తానేటమ్మా?" అని మండిపడిన సత్యం బొమ్మ చూసి, "ఓలమ్మో!" అంటూ పెళ్ళాన్ని కేకేశాడు. ఆమె ఎదురింటి వాళ్ళను పిలిచింది. కాసేపట్లో లైను లైనంతా దిగింది. గురువమ్మ అనే ముసలావిడ లెంపలేసుకుని దణ్ణం పెట్టింది. అమ్మవారికో, కామరాజుకో ఎవరికీ అర్థం కాలేదు.

"నా మీదకి నింద వచ్చీసింది. ఏసినోణ్నే అడుగుదుం, పదండి!" అన్నాడు సత్యం. కామరాజు ఎండగా ఉందన్నాడు. ఎవరూ వినలేదు. భ్రమరాంబ క్యాసెట్ల పెట్టెనీ మొగుణ్నీ రిక్షా ఎక్కించింది.

కవరు బొమ్మ వేసిన పెయింటర్ పైడయ్య కొట్టు పూర్ణా మార్కెట్ పక్క సందులో ఉంది. "పైడయ్య కాపీ కొట్టడమ్మా. బొమ్మ నా బుర్రలోంచే వత్తాది," అని అతను గుండెమీద చెయ్యి వేసుకున్నాడు. సరిగ్గా అతని తల వెనకాలే గోడమీద ఒక పాత క్యాలెండరు వేలాడుతోంది. అదే దుర్గమ్మ, అదే సింహం, అదే కాలు. సింహం చెవి మీద చిరుగుతో సహా పైడయ్య దించేశాడు. రాక్షసుడి మొహం ఒక్కటే వేరు.

"మరి ఈ మొహం ఎవరిచ్చారు?" అని నిలదీసింది భ్రమరాంబ.

పైడయ్య కామరాజు వైపు చూశాడు. కామరాజు పైకప్పు వైపు చూశాడు.

"ఫొటో ఇచ్చిన పార్టీ పేరు సెప్పనమ్మా. మాటిచ్చీసేను."

"అయితే ఈ క్యాసెట్లు బయటికి రావు. మా ఆయన్ని ఎవడో నవ్వులపాలు చేస్తుంటే పక్కన నిలబడి పాటలు పాడుకోనా? రిక్షా బీచికి పోనియ్!"

రిక్షా వెనక సత్యం స్కూటరు, దాని వెనక పైడయ్య సైకిలు కదిలాయి. ఒడ్డున వలలు బాగుచేసుకుంటున్న సూరన్న ఆ వరస చూసి, "ఏటమ్మా, అప్పుడే నిమజ్జనమా? దసరా ఇంకా రాలేదు కదా!" అన్నాడు.

భ్రమరాంబ చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుంది. పెట్టె ఎత్తుకుని మోకాలి లోతు నీళ్ళలోకి దిగింది. కళ్ళు భుజానికేసి తుడుచుకుంటోంది. అది చూసి కామరాజు చెప్పులతోనే పరుగెత్తి పెట్టె పట్టుకున్నాడు.

"ఆగు భ్రమరా! ఫొటో ఇచ్చింది నేనే!"

అల వచ్చి ఇద్దర్నీ తడిపి వెళ్ళింది.

"నీ పాటల మీద నేనూ ఓ మూల ఉంటే బాగుంటుందనిపించింది. అమ్మవారి పాదాల దగ్గర భక్తుడిలా వెయ్యమన్నాను."

"కేలండర్లో పాదాల కాడ ఉన్నోడు ఆడొక్కడే బాబూ!" ఒడ్డు నుంచి అరిచాడు పైడయ్య. "ఇంకోణ్ని నానెక్కణ్నించి తేనూ?"

భ్రమరాంబ మొగుణ్ని చూసింది. కవరు చూసింది. మళ్ళీ మొగుణ్ని చూసి, నవ్వాపుకోలేక పెట్టె అతని నెత్తిన పెట్టింది.

"శత్రువు వేయించాడనుకుని ముంచేద్దామనుకున్నాను. మీరే ముచ్చటపడి వేయించుకుంటే నేనెందుకు కాదంటాను? నడవండి, పులిహోర కలపాలి."

సత్యం పెట్టెకు ఒక చెయ్యి వేశాడు. "సాయంత్రం అందరూ అడుగుతారు. ఏటి సెప్తావు బావా?"

కామరాజు ముందు నడుస్తున్న భార్యకు వినబడకుండా గొంతు తగ్గించాడు.

"నిజమే చెప్తాను. ట్యూన్లు సినిమావి, బొమ్మ క్యాలెండరుది. సొంత సరుకంటూ ఉన్నది నా మొహం ఒక్కటే. అదీ నా చేతులతో నేనే ఇచ్చాను."