గాయాల పట్టికలో నాలుగో గడి

ఏప్రిల్ రెండో సోమవారం ఉదయం క్రిసాంతా విల్యార్డే చేయదలచుకున్న పనులు మూడే. ప్రథమ చికిత్స పెట్టెలోంచి గడువు తీరిన మందులు ఏరి పారేయడం, గాయాల పట్టికకు ఎర్ర సిరాతో గీతలు గీయడం, పది గంటలకు కాఫీని చల్లారకముందే తాగడం. నలభై ఏళ్ళు బడి నర్సుగా పనిచేసి విరమించిన ఆమెకు శాంటా మార్సెలా అనే దీవి ఊళ్ళో పిల్లల వేసవి శిబిరం గాయాల బాధ్యత అప్పగించారు. పట్టికకు ఆమె నాలుగు గడులు గీసింది: సమయం, చోటు, గాయం, చికిత్స. పట్టికకెక్కని గాయాన్ని ఆమె గాయంగా గుర్తించదు.

శిబిరం నడిచేది రేకుల కప్పు కింది బాస్కెట్‌బాల్ మైదానంలో. పిల్లలు నలభై మంది. తల్లులంతా రేవులో చేపలు ఎండబెట్టే పనికి పోతారు. శిబిరం మూతపడితే ఆ పిల్లలు ఆడుకునేది లంగరు తాళ్ళ మధ్య, ఉప్పునీటి తొట్ల అంచుల మీద. అక్కడి నుంచి వచ్చిన గాయాలకు కట్లు కట్టీ కట్టీ క్రిసాంతా విసిగిపోయి ఉంది.

కాఫీ కప్పు పెదవులకు ఆనకముందే ఆల్తియా అనే ఏడేళ్ళ పిల్ల పరుగెత్తుకుంటూ వచ్చి స్తంభానికి నుదురు కొట్టుకుంది. క్రిసాంతా పిల్ల కనుపాపలు పరీక్షించింది, పేరడిగింది, కడుపులో తిప్పుతోందా అని అడిగింది. అన్నీ సవ్యంగానే ఉన్నాయి. రేగుపండంత బొప్పి మాత్రం కట్టింది.

"జోవిలిన్, మంచుగడ్డలు పట్రా!"

జోవిలిన్ అంగన్‌వాడీ పంతులమ్మ, శిబిరంలో పాటలు నేర్పుతుంది. "మంచుగడ్డలెక్కడివి అత్తా? ఫ్రీజర్ నిండా నా ఐస్ క్యాండీలేగా, సాయంత్రం బేరానికి పెట్టుకున్నవి. మామిడివి."

"సరే, అదే ఒకటి తే."

ప్లాస్టిక్ గొట్టంలో గడ్డకట్టిన మామిడి రసాన్ని చేతిరుమాల్లో చుట్టి, గడియారం చూసుకుంటూ పది నిమిషాలు నుదుటికి ఆనించింది. పని కాగానే జోవిలిన్ దాన్ని మళ్ళీ ఫ్రీజర్ వైపు తీసుకుపోబోయింది.

"గాయానికి ఆనించినదాన్ని మళ్ళీ లోపల పెడతావా? ఏ బడిలో చదివావే నువ్వు?"

"మీ బడిలోనే అత్తా."

"అయితే నిద్రపోయి ఉంటావు. పిల్లకిచ్చెయ్."

ఆల్తియా బెంచీ మీద కూర్చుని, గొట్టం మూల పళ్ళతో కొరికి, ఆ ఐస్ క్యాండీని అరగంట సేపు తిన్నది. ముప్ఫై తొమ్మిది మంది పిల్లలు పాట మానేసి చూశారు. క్రిసాంతా చూడలేదు. ఆమె నాలుగో గడిలో "ఐస్ క్యాండీ, మామిడి" అని రాస్తోంది.

మంగళవారం ముగ్గురికి నుదుళ్ళు తగిలాయి. బుధవారం ఏడుగురికి. గురువారం పదకొండు మందికి. ఆ గాయాల తీరే ఆమెకు అంతుపట్టలేదు. రక్తం లేదు, వాపు లేదు. ఏడుపు మాత్రం రేవు దాకా వినిపిస్తుంది, కంట చుక్క నీరుండదు. మొదట ఆమెకు ఒళ్ళు మండింది. తర్వాత కుతూహలం మొదలైంది. మైదానం పటం గీసి, గాయమైన చోటల్లా చుక్క పెట్టింది. చుక్కలన్నీ ఫ్రీజర్ ఉన్న వంటగది గుమ్మం చుట్టూ గుమిగూడాయి. గచ్చు అక్కడ వాలుగా ఉందేమోనని గోళీ దొర్లించి చూసింది. గోళీ కదలలేదు.

"నా ఫ్రీజర్ ఖాళీ అయిపోతోంది అత్తా," అంది జోవిలిన్.

"చికిత్స సామగ్రికి కొరత," అని క్రిసాంతా రాసుకుంది. నియమం ప్రకారం వారం పట్టికకు నకలు తీసి, గురువారం సాయంత్రమే పురపాలక కార్యాలయానికి పంపింది. అలా పంపాలన్న నియమాన్ని పాటించిన శిబిరం ఆ దీవి మొత్తంలో అదొక్కటే.

శుక్రవారం పొద్దున్నే ఊరికి సర్పంచి లాంటి గ్రామ కెప్టెన్ రోడెల్ ఉత్తరం పట్టుకుని పరుగున వచ్చాడు.

"మేడం, ఏం రాసి పంపారు మీరు? వచ్చే శుక్రవారం తనిఖీకి వస్తారట! గాయాలు ఆగకపోతే శిబిరం మూసేస్తారట!"

"జరిగిందే రాశాను."

"జరిగిందంతా రాసేస్తారా ఎవరైనా!"

"రెండో తరగతిలో నీ మోకాలికి అయోడిన్ పూస్తే నువ్వు నిక్కరు తడుపుకున్నావు. అది కూడా రాశాను రోడెల్. ఆ పుస్తకం ఇంకా నా దగ్గరుంది."

కెప్టెన్ గొంతు తగ్గించాడు. సోమవారం స్తంభాలన్నిటికీ పరుపులు చుట్టించాడు. పిల్లలు బెంచీ మూలలకు కొట్టుకున్నారు. మంగళవారం నలభై మోటారుసైకిల్ హెల్మెట్లు అరువు తెచ్చి అందరికీ తొడిగించాడు. ఆ మధ్యాహ్నమే గాయాలు నుదుళ్ళ నుంచి మోకాళ్ళకు దిగాయి. నలభై ఏళ్ళ ఉద్యోగంలో గాయాలు ఇలా ఇల్లు మారడం క్రిసాంతా చూడలేదు. మైదానం మధ్యలో "భద్రతే ముఖ్యం" అన్న అక్షరాలు, వాటికంటే పెద్దదిగా కెప్టెన్ ముఖం ఉన్న బ్యానరు వెదురు చట్రంలో వెలిసింది.

బుధవారం తెల్లవారుజామునే కరెంటు పోయింది. సాయంత్రం దాకా రాలేదు. ఆ రోజు ఒక్క గాయమూ లేదు.

"దొరికింది!" అన్నాడు కెప్టెన్. "గచ్చులోకి కరెంటు లీకవుతోంది మేడం! పిల్లల్ని అదే పడేస్తోంది!"

"రబ్బరు చెప్పులేసుకున్న పిల్లల్నా?"

"మరి ఇవాళ గాయాలెందుకు లేవు, చెప్పండి?"

క్రిసాంతా పటం మళ్ళీ తీసి చుక్కలు లెక్కపెట్టింది. కెప్టెన్ మైదానం, వంటగది ఫ్యూజులు పీకి జేబులో వేసుకున్నాడు. గురువారమూ గాయాలు లేవు.

శుక్రవారం తనిఖీ అధికారిణి లెదెస్మా వచ్చింది. ఫ్యాన్లు తిరగని ఆ రేకుల కింద హెల్మెట్లు పెట్టుకుని పాట పాడుతున్న నలభై మంది పిల్లల్ని చూసి, హెల్మెట్లు లెక్కపెట్టింది. కెప్టెన్ కరెంటు లీకేజీ గురించి ఉపన్యాసం మొదలుపెట్టాడు. "ఏదీ, ఆ ఫ్యూజులు చూపించండి," అంటూ ఆమె చటుక్కున తిరిగి, "భద్రతే ముఖ్యం" చట్రానికి నుదురు కొట్టుకుంది. ఠక్కుమన్న శబ్దం అందరికీ వినపడింది.

"జోవిలిన్, చల్లటిదేదైనా తే!"

జోవిలిన్ ఎదురింటి ఫ్రీజర్ నుంచి ఐస్ క్యాండీ తెచ్చింది. క్రిసాంతా రుమాల్లో చుట్టి ఆమె నుదుటికి ఆనించి, గడియారం చూసుకుంది. పాట ఆగిపోయింది. ఒక హెల్మెట్ లోపలి నుంచి ఆల్తియా గొంతు వినిపించింది.

"అమ్మమ్మా, అది మామిడిదేనా?"

"అవును," అంది క్రిసాంతా.

ఆల్తియా మోకాలు పట్టుకుని నెమ్మదిగా గచ్చు మీద కూలింది. పక్కపిల్ల కూలింది. ఆ తర్వాత వరుస మొత్తం, చివరికి మైదానం మొత్తం, ఎక్కడివాళ్ళక్కడ పడిపోయి బావురుమన్నారు.

లెదెస్మా ఒక చేత్తో ఐస్ క్యాండీ పట్టుకుని, రెండో చేత్తో పట్టిక తిప్పింది. మొదటి మూడు గడులు వదిలేసి నాలుగో గడి మీద వేలు పెట్టి, పేజీలన్నీ పైనుంచి కిందికి చదివింది.

"ఈ గడి ఎవరు నింపారు?"

"నేను," అంది క్రిసాంతా. అప్పుడు తనే రాసిన గడిని తను మొదటిసారి చదివింది. ఐస్ క్యాండీ, మామిడి. ఐస్ క్యాండీ, మామిడి. మామిడి. కెప్టెన్ మీద దాచుకున్న కోపమంతా దారి తప్పి తన మీదకే వచ్చింది. "గాయాలకు కారణం గచ్చూ కాదు, కరెంటూ కాదు మేడం. నా చికిత్స. కావాలంటే నన్ను తీసెయ్యండి. శిబిరాన్ని మాత్రం మూయకండి."

"మిమ్మల్ని తీసేస్తే నాకు నిజం రాసి పంపేదెవరు?" అంది లెదెస్మా. "రోజూ మూడింటికి దెబ్బ తగిలినా తగలకపోయినా అందరికీ తలా ఒకటి పెట్టించండి, కార్యాలయం తరఫున. దెబ్బ తగిలితే తడిగుడ్డ. అంతే." ఆమె గొట్టం మూల పళ్ళతో కొరికింది. "బాగుంది ఇది."

కెప్టెన్ జేబులోంచి ఫ్యూజులు తీసి ఎవరూ చూడకుండా తగిలించి వచ్చాడు. హెల్మెట్లు వాటి యజమానులకు చేరాయి.

వేసవి ముగిసేనాటికి పట్టికలో క్రిసాంతా కొట్టివేసినవి పోగా నిజమైన గాయాలు రెండు మిగిలాయి; రెండోది మళ్ళీ జరగకుండా కెప్టెన్ తన బ్యానరును రెండడుగులు ఎత్తు పెంచి కట్టించాడు.