ముప్పైమంది, రెండు రోజులు

ఈ విద్యా సంవత్సరం నుండి దోహాలోని మా పాఠశాలలో అన్యాయం పూర్తిగా రద్దయింది. ఈ మేరకు ఫిబ్రవరి మొదటి వారంలో సర్క్యులర్ వెలువడింది. నేనా పాఠశాలలో తెలుగు మాస్టారిని. సర్క్యులర్లను తెలుగు తల్లిదండ్రుల కోసం సరళ భాషలోకి మార్చే బాధ్యత నాదే కాబట్టి దాని సారం నాకు కంఠతా వచ్చు.

మా బడిలో పిల్లలు ఎక్కువ, గదులు తక్కువ. అందుచేత పొద్దున ఒక బడి, మధ్యాహ్నం ఒక బడి నడుస్తాయి. భవనం అదే, బల్లలు అవే. పొద్దుటి పిల్లలకు చల్లటి బస్సు, ఓపిక ఉన్న టీచర్లు దొరుకుతారు. మధ్యాహ్నపు పిల్లలకు కాలే బస్సు, గొంతు పోయిన టీచర్లు దొరుకుతారు. ఇన్నాళ్లూ ఎవరికి ఏ షిఫ్టు అనేది ప్రిన్సిపల్ గారితో ఎవరికెంత పరిచయం అన్నదాన్ని బట్టి తేలేది. ఇది అశాస్త్రీయమని ప్రిన్సిపల్ గారే కనిపెట్టారు. ఇకమీదట అయిదో తరగతి నుంచి పైకి ప్రతి బిడ్డా ఒక ప్రామాణిక పరీక్ష రాయాలి. బాగా చలి ఉండే ఒక దేశంలో ఒక కంపెనీ దాన్ని తయారుచేస్తుంది. కంప్యూటర్ మీద నలభై ప్రశ్నలు, ఒక గంట సమయం. చివర ఒక అంకె వస్తుంది. ఆ అంకె అరవై దాటితే పొద్దుటి బడి, దాటకపోతే మధ్యాహ్నపు బడి.

అసెంబ్లీలో ప్రిన్సిపల్ రామమోహన్ గారు ప్రసంగించారు. "ప్రియమైన విద్యార్థులారా! ఈ పరీక్ష ముందు బీదా గొప్పా లేదు. ఖరీదైన అల్ సద్ పేట లేదు, ఇరుకైన అల్ ముంతజా పేట లేదు. అందరికీ ఒకే ప్రశ్న! ఒకే గడియారం! ఒకే మౌస్!" చివరి మాట అక్షరాలా నిజమని పరీక్షనాడు తెలిసింది. ఒక్కో వరసలో ఒక్కటే మౌస్ పనిచేసింది.

న్యాయం అమల్లోకి రాగానే తల్లిదండ్రులు దానికి తగిన ఏర్పాట్లు చేసుకున్నారు. అల్ సద్‌లో ఉండే గురుప్రసాద్ గారు గ్యాస్ కంపెనీలో ఇంజనీరు, తల్లిదండ్రుల సంఘానికి కార్యదర్శి. తన కుమారుడు సాత్విక్‌కు ఇద్దరు ట్యూటర్లను పెట్టారు. నమూనా ప్రశ్నల్లో ఒకచోట, మంచు కురిసిన మర్నాడు ఇంటి ముందు దేనితో శుభ్రం చేస్తారు అని ఉంది. ఆ శుక్రవారమే కుర్రాణ్ణి మాల్‌లోని కృత్రిమ మంచులోకి తీసుకెళ్లి, చేతికి పార ఇచ్చి, విషయం అర్థమయ్యేదాకా, అంటే ముక్కు కారేదాకా, నిలబెట్టారు. పొగ గొట్టం బొమ్మ ఫ్రిజ్‌కు అంటించారు. నెల తిరిగేసరికి సాత్విక్‌కు బార్లీ పొలాలూ, మంచు మీద నడిచే బండ్లూ కంఠతా వచ్చాయి. కిటికీలోంచి కనిపించే ఖర్జూరపు చెట్లు సిలబస్‌లో లేవు గనక కిటికీకి తెర వేశారు.

సాత్విక్‌తోపాటే అయిదో తరగతికి రాబోతున్న ఈశ్వరి అనే అమ్మాయి ఉంది. తండ్రి పెద్దన్నది రాయచోటి దగ్గర లక్కిరెడ్డిపల్లె. పద్దెనిమిదేళ్ల కిందట తాపీ పనికి వచ్చి, క్యాంపులో పదేళ్లు ఉండి, ఫోర్‌మన్ అయ్యాక భార్యా బిడ్డలను తెచ్చుకున్నాడు. అల్ ముంతజాలో ఒక ఫ్లాటును మూడు కుటుంబాలు పంచుకుంటే అందులో ఒక గది వీళ్లది. తల్లి శివకుమారి ఒక నర్సరీలో ఆయా. ఈశ్వరికి ట్యూటర్లు లేరు. రాత్రి అన్నం తినేటప్పుడు తండ్రి ఆనాటి సైటు సంగతులు చెప్తాడు, ఆ పిల్ల ప్రశ్నలు అడుగుతుంది. ఆ ఇంట్లో చదువు అంటే అదే.

పరీక్షలో సాత్విక్‌కు తొంభై ఏడు, ఈశ్వరికి ముప్పై ఒకటి వచ్చాయి.

నాకు ఆశ్చర్యం వేసింది. తరగతిలో ఆ పిల్ల లెక్కలు చెప్తుంటే లెక్కల టీచరే ఒక్కోసారి మళ్లీ చూసుకునేవారు. అయితే ఈ పరీక్షకు చాలా తెలివి ఉందని సర్క్యులర్‌లో ముందే రాసి ఉంది. మొదట్లో ఒకటి రెండు తప్పు చెప్తే, ఈ బిడ్డ ఇంతే అని అది గ్రహించి, ఇక తేలిక ప్రశ్నలే ఇస్తుంది. తేలిక ప్రశ్నలన్నీ సరిగ్గా చెప్పినా అంకె పైకి పోదు. పిల్లల్ని అంచనా వేయడానికి మా టీచర్లకు ఏడాది పట్టేది. ఇది మూడో ప్రశ్నకే తేల్చేస్తుంది.

మధ్యాహ్నపు బడి అంటే ఆ ఇంట్లో ఏమవుతుందో సర్క్యులర్‌లో లేదు. పెద్దన్న తెల్లవారుజామున నాలుగింటికే సైటు బస్సు ఎక్కుతాడు. శివకుమారి ఆరింటికి డ్యూటీలో ఉండాలి, మళ్లీ రెండు దాటాకే ఇల్లు చేరేది. చిన్న తరగతులన్నీ పొద్దుటి బడే కాబట్టి ఇన్నాళ్లూ ఈశ్వరి తల్లితోపాటే బయల్దేరి బస్సెక్కేది. ఇప్పుడు పదేళ్ల పిల్ల ఆ గదిలో ఆరు గంటలు ఒక్కతే ఉండి, తనే తాళం వేసుకుని, పన్నెండింటి ఎండలో బస్సు కోసం నిలబడాలి. అది కుదిరే పని కాదు. లక్కిరెడ్డిపల్లెలో పెద్దమ్మ దగ్గరికి పంపుదామని మొగుడూ పెళ్లాలు అనుకున్నారు. ఈశ్వరి తన పుస్తకాల్లో ఏవి ఊరికి తీసుకుపోవాలో, ఏవి ఇక్కడ వదలాలో విడివిడిగా పెట్టుకుందట.

పెద్దన్న ఒకపూట సెలవు పెట్టి బడికి వచ్చాడు. పరీక్షల సమన్వయకర్త అనంతలక్ష్మి గారి గదిలో ప్రిన్సిపల్ గారూ ఉన్నారు. దుబాసీగా నన్ను పిలిచారు. అందరూ తెలుగువాళ్లే కాబట్టి నాకు పని పడలేదు.

"మా పాప ఏం తప్పు చెప్పినాదో ఒకపారి చూపిస్తారా మేడం?" అన్నాడు పెద్దన్న.

అనంతలక్ష్మి గారు రిపోర్టు తీసి మూడో ప్రశ్న చదివారు. "పదిమంది ఒక గోడను ఆరు రోజుల్లో కడతారు. అదే గోడను ముప్పైమంది ఎన్ని రోజుల్లో కడతారు? జవాబు రెండు. మీ అమ్మాయి 'చెప్పలేం' అన్నది నొక్కిందండీ."

"సరిగ్గానే చెప్పినాదే," అన్నాడు పెద్దన్న.

"అదెలాగండీ?"

"గోడ పొడవెంతో యాడా చెప్పలేదు గదా మేడం. ఇరవై అడుగుల గోడయితే ముప్పైమందిని యాడ నిలబెడతారు? ఒకరి మోచేయి ఇంకొకరికి తగల్తాది. నిలబడినారే అనుకో, ఒక్క పొద్దులో నాలుగైదు అడుగుల కంటే లేపకూడదు. పచ్చిగోడ మింద బరువేస్తే కింది వరస జారుతాది, సిమెంటు ఆరాల గదా. ఎండాకాలమయితే పదింటికే పని ఖలాస్, మూడున్నర దాకా బయట మనిషి ఉండకూడదని రూలు. నన్నడిగినా చెప్పలేమనే అంటా."

ప్రిన్సిపల్ గారు ఓపికగా నవ్వారు. "పెద్దన్న గారూ, మీరు గోడ గురించి మాట్లాడుతున్నారు. ప్రశ్న గోడ గురించి కాదండి."

"మరి దేన్ని గురించి సార్?"

"లెక్క గురించి."

"లెక్కకు గోడెందుకు సార్? ముప్పైమంది మనుషులెందుకు? ఉత్త అంకెలే ఇయ్యొచ్చు గదా."

"చదువును నిజజీవితంతో అనుసంధానం చేయడానికి," అన్నారు ప్రిన్సిపల్ గారు.

పెద్దన్న ఆ మాటను అర్థం చేసుకోవడానికి నిజాయితీగానే ప్రయత్నించాడు. ఆ తర్వాత గది సంగతి, తాళం సంగతి, ఊరి సంగతి చెప్పాడు. అనంతలక్ష్మి గారు ఆయనకు అప్పీలు ఫారం ఇచ్చారు. అందులో 'కారణం' అన్న చోట అర అంగుళం ఖాళీ ఉంది.

అప్పీలు మీద త్రిసభ్య సంఘం ఏర్పడింది. అనంతలక్ష్మి గారు అధ్యక్షులు. తల్లిదండ్రుల తరఫున గురుప్రసాద్ గారు. ఓటు లేని సభ్యుడిగా నేను. సంఘం గోడ విషయాన్ని కంపెనీకి రాసింది. నాలుగు నిమిషాల్లో జవాబు వచ్చింది. ఈ ప్రశ్నను వేలాది మంది పిల్లల మీద సరిచూశామనీ, తెలివైన పిల్లలందరూ రెండు అనే చెప్పారనీ, రెండు అని చెప్పినవాళ్లనే తెలివైనవాళ్లుగా తాము గుర్తించామనీ, కాబట్టి ఎక్కడా లోపం లేదనీ అందులో ఉంది. ఆ తర్కంలోని నిండుదనానికి సంఘం అభినందనలు తెలిపింది. అప్పీలు తిరస్కరించింది.

కానీ దయ అనేది ఎటునుంచి వస్తుందో చెప్పలేం. బడి మొత్తం సగటు ఇంకో రెండు పాయింట్లు పెరిగితే కంపెనీ వాళ్లు 'ప్లాటినం పాఠశాల' అనే బిరుదు ఇస్తారట. ఆ బిరుదును బస్సుల మీద రాసుకోవచ్చు. వెంటనే ప్రిన్సిపల్ గారి హృదయం వెనకబడిన పిల్లల కోసం ద్రవించింది. నలభైలోపు వచ్చిన వాళ్లందరికీ 'పునరవగాహన' తర్వాత మరో అవకాశం ప్రకటించారు. ఈశ్వరికి అవగాహన కలిగించే పని నాకు అప్పగించారు. నాకు లెక్కలు రావని మనవి చేశాను. లెక్కలు అక్కర్లేదని చెప్పారు.

ఒక శుక్రవారం సాయంత్రం నేను వాళ్ల గదికి వెళ్లాను. శివకుమారి టీ ఇచ్చింది. ఈశ్వరి చాప మీద నా ఎదురుగా కూర్చుంది.

"సార్, ముప్పైమంది నిలబడాలంటే గోడ ఎంత పొడుగుండాలి?"

"పొడుగు గురించి ఆలోచించకూడదమ్మా."

"సిమెంటు ఆరద్దా మరి?"

"ఈ గోడలో సిమెంటు లేదు."

"దేంతో కడతారు?"

"హెచ్చవేత, భాగహారంతో," అన్నాను. బోధన వృత్తిలో ఇరవై రెండేళ్ల అనుభవం నాకు ఆ క్షణంలో అక్కరకొచ్చింది.

ఆ పిల్లకు నా మీద నమ్మకం కుదరలేదు. మంచం మీద కూర్చున్న తండ్రి వైపు తిరిగింది. "నాయినా, రెండు దినాల్లో అయితాదా?"

పద్దెనిమిదేళ్లుగా ఈ నగరంలో పెద్దన్న ఒక్క పచ్చిగోడను తొందరపడి లేపనివ్వలేదు. ముషైరిబ్ సైటులో ఒకసారి ఇంజనీరు యల్లా యల్లా అని తొందరపెడుతూ కేకలు వేస్తున్నా పని ఆపించి, రెండు రోజుల జీతం పోగొట్టుకున్న మనిషి అని తర్వాత శివకుమారి నాకు చెప్పింది.

"అయితాదమ్మా," అన్నాడు.

"కాదని నువ్వే చెప్పినావు గదా?"

"సైటులో కాదు. బడిలో అయితాది."

"అయితే సైటులో ఉండేది తప్పా?"

పెద్దన్న నా వైపు చూశాడు. నేను టీ తాగుతున్నాను. శివకుమారి గిన్నె కడుగుతున్నది కాస్తా వచ్చి బిడ్డ ముందు కూర్చుంది. "తప్పో ఒప్పో మనకొద్దు తల్లీ. నువ్వు రెండు నొక్కు. చెప్పలేమని నొక్కినావంటే మళ్లా మూడేండ్లకు సెలవు దొరికితే గానీ నిన్ను చూడను నేను," అంది.

ఈశ్వరి తల్లి ముఖం చూసింది. పుస్తకంలో రెండు అని రాసి, దాని చుట్టూ సున్నా చుట్టింది. ఆ తర్వాత ముప్పై నమూనా ప్రశ్నలు చేసింది. ఒక్క ప్రశ్న కూడా నన్ను అడగలేదు. పునరవగాహన పూర్తయిందని నేను రిపోర్టు రాశాను.

రెండోసారి ఈశ్వరికి ఎనభై నాలుగు వచ్చింది. పొద్దుటి బడి దక్కింది. బడికి ప్లాటినం దక్కింది. ఒక బిడ్డకు బడివారే ఇంటికి వెళ్లి ప్రత్యేక శిక్షణ ఇవ్వడం సమానత్వ సూత్రానికి గొడ్డలిపెట్టు అని గురుప్రసాద్ గారు రెండు పేజీల ఫిర్యాదు ఇచ్చారు. ఇలాంటిది మళ్లీ జరగదని ఆయనకు లిఖితపూర్వకంగా హామీ ఇచ్చాం.

ఏప్రిల్‌లో అభినందన సభ జరిగింది. "ఒక సామాన్య కార్మికుని కూతురు ముప్పై ఒకటి నుండి ఎనభై నాలుగుకు ఎదిగింది! పరీక్ష నిష్పాక్షికం అనడానికి ఇంతకన్నా నిదర్శనం కావాలా?" అని ప్రిన్సిపల్ గారు గర్జించారు. పెద్దన్నను వేదిక మీదికి పిలిచి మైకు ఇచ్చారు. "పాప మా కాడనే ఉండాది సార్. అంతే చాలు," అని చెప్పి దిగిపోయాడు. మాట్లాడటం రాకపోయినా మంచివాడని అందరూ చప్పట్లు కొట్టారు.

జూన్‌లో, వేసవి సెలవులకు ముందు, తెలుగు పరీక్ష నేనే పెట్టాను. ప్లాటినం పాఠశాలలో తెలుగు మాత్రం వెనకబడి ఉండకూడదు కదా, అందుకని నా పేపరును కూడా ప్రామాణికం చేశాను. వ్యాసానికి పది వాక్యాలు, వాక్యానికి ఒక మార్కు. జవాబులు గైడులో ఉన్నాయి. ఆ గైడు రాసింది కూడా నేనే. వ్యాసం పేరు 'మా నాన్న'.

పేపర్లు పంచగానే ఈశ్వరి నా బల్ల దగ్గరికి వచ్చింది. "సార్, మా నాయిన గురించి రాయాల్నా, గైడులో ఉండే నాన్న గురించి రాయాల్నా?"

ఎంతో మర్యాదగా అడిగింది. ఒక్క క్షణం నాకు ఏదో చెప్పాలనిపించింది. కానీ ఇన్విజిలేటర్ విద్యార్థులకు సూచనలు ఇవ్వరాదని నియమం.

"మార్కులు గైడును బట్టి ఉంటాయమ్మా," అన్నాను.

ఆ పిల్ల తలూపి వెళ్లి కూర్చుంది. ఇరవై నిమిషాల్లో రాసేసింది. మా నాన్నగారు ఆఫీసులో పనిచేస్తారు. ఉదయం తొమ్మిది గంటలకు కారులో వెళతారు. సాయంత్రం నన్ను పార్కుకు తీసుకువెళతారు. ఇలా వరసగా పది వాక్యాలు. చివరిది, మా నాన్నగారు ఎప్పుడూ నిజమే చెబుతారు. ఒక్క అక్షరదోషం లేదు. పదికి పది వేసి, తండ్రి సంతకం కోసం ఇంటికి పంపాను.

మర్నాడు పేపరు తిరిగి వచ్చింది. చివరి వాక్యం కింద ఉన్న గడిలో పెద్దన్న సంతకం చేశాడు. గడి చిన్నది. చివరి అక్షరం గీత దాటి బయటికి వచ్చింది. తండ్రుల సంతకానికి మార్కులు లేవు కాబట్టి తగ్గించలేదు.