దుర్గయ్య వేలికి తిరుగులేదు

మన కోర్టుల్లో కేసులు తెమలకపోవడానికి ఒకే ఒక్క కారణం అనుమానం! జడ్జీలు తక్కువనీ, ఫైళ్లు ఎక్కువనీ చెప్పేవాళ్ల మాట నమ్మకండి. కళ్లారా చూసిన మనిషి బోనెక్కి "వీడే" అన్నాక, ఇంకా సహేతుకమైన అనుమానం అంటూ నసగడం ఏమిటండీ?

హైదరాబాదు పాతబస్తీలోని మా హుస్సేనీ ఆలంలో ఆ జబ్బు లేదు. మా గల్లీ వాట్సాప్ గ్రూపులో సీసీటీవీ బొమ్మ పడిందంటే నాలుగు నిమిషాల్లో దొంగ తేలిపోతాడు. బొమ్మలో కనిపించేది సగం చెవి, ఒక చెప్పు. అయితేనేం? పదిహేడు మంది గుర్తుపడతారు. పదిహేడు పేర్లు చెబుతారు. ఒక్కరికైనా అనుమానం ఉంటుందా? ఉండదు!

ఇక ప్రత్యక్ష సాక్షి అంటే మా దుర్గయ్యలా ఉండాలి. ఆయనకు పురానాపూల్ దగ్గర బర్రెలున్నాయి. ముప్పయ్యేళ్లుగా మా గల్లీకి పాలు పోస్తున్నాడు. కిందటేడు ఒక పొద్దున మా ఎదురింటి రాధాబాయి గారి మెడలో గొలుసు ఎవడో ఎర్ర బైకు మీద వచ్చి తెంపుకుపోయాడు. ఆవిడ కళ్లద్దాలు ఎగిరిపడ్డాయి కాబట్టి ఏమీ చూడలేదు. చూసింది దుర్గయ్య. దొంగ ముఖానికి రుమాలు ఉంది, తలకు టోపీ ఉంది, బైకు అటు తిరిగి ఉంది. మిగతాదంతా దుర్గయ్య శుభ్రంగా చూశాడు!

పోలీసులు అంజన్‌ని పట్టుకొచ్చారు. ఇరవై ఎనిమిదేళ్లు, ఏసీలు బాగుచేస్తాడు, మా వైపు ఎవరికీ తెలియనివాడు. అతనికీ ఎర్ర బైకే ఉందట! ఆ పూట గదిలో నిద్రపోతున్నానని మొత్తుకున్నాడు. నిద్రపోయేవాడికి సాక్షి ఎవరుంటారు చెప్పండి?

గుర్తింపు పరేడ్ పెట్టారు. అనుమానితుణ్ణి అతని పోలికలున్న తొమ్మిది మందితో కలిపి, మెజిస్ట్రేటు ముందు వరసలో నిలబెడతారు. సాక్షి వచ్చి చూపించాలి. ఆ తొమ్మిది మంది కోసం కానిస్టేబుల్ ఎండలో తిరగలేదు. మా గల్లీ చివర హోటల్లో చాయ్ తాగుతున్నవాళ్లను లెక్కపెట్టి ఆటోలెక్కించాడు. ఏం సామర్థ్యం! అందులో నేనొకణ్ణి. నాకు యాభై నాలుగేళ్లు, బట్టతల, పొట్ట. నాకూ అంజన్‌కూ పోలికలున్నాయని ఆ రోజే తెలిసింది.

వరసలో అంజన్ నా పక్కనే నిలబడ్డాడు. "సార్, వచ్చేటాయన మీకు ఎర్కనా?" అని మెల్లగా అడిగాడు.

"దుర్గయ్యనా? మస్తు ఎర్క. మా అందరికీ ఆయనే పాలు పోస్తడు. మంచి మనిషి, ఫికర్ చెయ్యకు" అన్నాను, ధైర్యం చెబుదామని.

ధైర్యం తెచ్చుకోవడం పోయి అతను లొల్లి మొదలుపెట్టాడు. "సార్, గీ తొమ్మిది మంది ఆయనకు ఎర్కనట! నేనొక్కణ్ణే కొత్తోణ్ణి సార్!"

మెజిస్ట్రేటు గారు మా వైపు తిరిగి, "సాక్షి మీలో ఎవరికైనా తెలుసా?" అని అడిగారు. తెలుసంటే కొత్తవాళ్లను వెతికి తెచ్చేదాకా మమ్మల్ని కదలనివ్వరని కానిస్టేబుల్ ముందే చెవిన వేశాడు. అప్పటికే ఒక పూట పోయింది. మాకు పనులుండవా? తొమ్మిది తలలూ అడ్డంగా ఊగాయి. అందరికంటే ముందు నాదే ఊగింది.

దుర్గయ్య వచ్చాడు. వరస పొడుగునా చూశాడు. నన్ను చూసి నవ్వబోయి ఆపుకున్నాడు. నేరుగా అంజన్ ముందుకొచ్చి వేలు చూపించాడు. "గీడే సార్. పక్కా!" అర నిమిషం కూడా పట్టలేదు.

మర్నాడు పాలు పోస్తూ నాతో అన్నాడు: "మీరంతా నాకు ఎర్కనే గద సారూ. మిగిలినోడు దొంగనే గద!" ఇంత చక్కటి తర్కం ఏ లా కాలేజీలో నేర్పుతారు?

జామీను నిలబడేవాళ్లు లేక అంజన్ పదకొండు నెలలుగా లోపలే ఉన్నాడు. వాళ్లమ్మ మాత్రం వాయిదా వాయిదాకూ వచ్చి కోర్టు మెట్ల మీద కూర్చుంటోందట.

మొన్న అతని వకీలు స్రవ్య మా ఇంటికి వచ్చింది. "సార్, కోర్టుల మిమ్మల్ని ఒక్కటే అడుగుత. దుర్గయ్య మీకు తెలుసా?"

"తెలుసంటే ఏమైతదమ్మా?"

"ఆ పరేడ్ నిలబడదు. కేసుల ఇంకేం లేదు, అంజన్ బయటికొస్తడు. మీరు మాత్రం ఆనాడు మెజిస్ట్రేటు ముందట అబద్ధం చెప్పినట్టైతది."

"తెల్వదంటే?"

"అంజన్ లోపలుంటడు. మీరు హాయిగ బయటుంటరు సార్."

ఇదేం న్యాయమండీ? సోమవారం పదిన్నరకు నా సాక్ష్యం. ఇన్నాళ్లూ అనుమానాన్ని తిట్టిపోసిన నాకు, ఇప్పుడది పిసరంత దొరికితే చాలనిపిస్తోంది. "ఏమోనండీ, చూసినట్టే ఉంది, సరిగ్గా చెప్పలేను" అని తప్పుకోవచ్చు. కానీ ఎలా? రోజూ పొద్దున్నే మా తలుపు కొట్టే మనిషి. మా అమ్మాయి పూజిత పెళ్లిలో పాయసానికి పాలు తెచ్చిన మనిషి. నిన్నటినుంచి వెతుకుతున్నాను. ఎంత వెతికినా నాకు అనుమానం దొరకడం లేదు.