అత్తగారు వెళ్లిపోయిన ఉదయం

డ్యూటీకి వెళ్లేలోపు ఓ పావుగంట బండి నేర్చుకోవాలన్నది కోడలి ఆలోచన. మూడు రోజుల కిందట కొన్న చిన్న క్రూయిజర్ మోటారుసైకిలు అది. ఇంజను నూట పాతిక సీసీయే అయినా, పొడుగాటి హ్యాండిలూ, తళతళలాడే ట్యాంకూ చూస్తే రాచగుర్రంలా ఉంటుంది. సీటు కిందికి ఉండటంతో కూర్చుంటే రెండు పాదాలూ నేలకు ఆనుతాయి. కొత్తవాళ్ల కోసమే చేసిన బండి అని షోరూమువాడు ఒట్టేసి మరీ చెప్పాడు. కోడలు క్లచ్ వదిలినప్పుడల్లా మాత్రం అది ఒక్క కుదుపు కుదిపి ఆగిపోతోంది.

గేటు దగ్గర నిలబడి అత్తగారు చూస్తున్నారు. నలభై ఏళ్లు కుట్టుమిషన్ తొక్కిన మనిషి.

"ఒక్కసారిగా వదిలేస్తున్నావమ్మా. మెల్లగా వదలాలి."

"చెప్పినంత తేలిక కాదత్తయ్యా. మీరు కూర్చుని చూడండి."

అత్తగారు హెల్మెట్ పెట్టుకుని కూర్చున్నారు. బటన్ నొక్కారు. పట్టుబట్టలోకి సూది దించినంత మెత్తగా క్లచ్ వదిలారు. బండి కదిలింది. రెండో గేరు పడిన చప్పుడు కూడా వినిపించింది. చూస్తుండగానే ఆవిడ వీధి మలుపు తిరిగి మాయమయ్యారు. కోడలు నోరు తెరుచుకుని ఉండిపోయింది. కాసేపటికి గుర్తొచ్చింది, బ్రేకు ఎక్కడుందో చెప్పనేలేదని.

మలుపు దాకా పరుగెత్తి చూస్తే ఎవరూ లేరు. రొప్పుతూనే భర్తకు ఫోన్ చేసింది. ఆయన ప్రింటింగ్ ప్రెస్సులో పొద్దుటి షిఫ్టులో ఉన్నాడు. అవతల మిషన్ల హోరు.

"ఏమండీ, అత్తయ్య వెళ్లిపోయారు!"

"ఏంటీ? ఎప్పుడు?"

"ఇప్పుడే! నా కళ్లముందే!"

"అయ్యో అమ్మా... బాగా బాధపడిందా?"

"లేదండీ, నవ్వుతూనే వెళ్లారు. అలా కూర్చున్నారు, అంతే!"

అవతల వెక్కిళ్లు. "నువ్వు ధైర్యంగా ఉండు. బండి సంగతి నేను చూసుకుంటా."

కన్నతల్లిని వదిలేసి బండి గోలేమిటని ఆమెకు ఒళ్లు మండింది. మళ్లీ చేస్తే ఫోన్ ఎంగేజ్.

గంట తిరక్కుండా వీధి నిండిపోయింది. ప్రెస్సు మూసేసి యజమానితో సహా అందరూ వచ్చారు. ఆడపడుచు ఏడ్చుకుంటూ దిగింది. వ్యాను నిండా కుర్చీలు వచ్చాయి. అత్తగారిని వెతకడానికి ఇంతమంది కదిలివచ్చారా అని కోడలి కళ్లు చెమ్మగిల్లాయి.

"ఇక్కడ కూర్చుంటే ఎలాగండీ, పెద్దరోడ్డు మీద వెతకండి!" అని ఆమె బతిమాలితే, పాపం మతి చలించిందని మంచినీళ్లు తాగించారు. తల్లి ఆసుపత్రిలో ఉందనుకుని, తీసుకొచ్చే బండి కోసం భర్త ఓ పక్క ఫోన్లు చేస్తూనే ఉన్నాడు.

ఈలోగా ఇంకు ఆరని పోస్టరొకటి గోడకెక్కింది. అత్తగారి ఫొటో, పైన 'కన్నీటి నివాళి'. అప్పటికి గానీ కోడలికి విషయం అర్థం కాలేదు. అందరికీ వినబడేలా చెబుదామని ఓ కుర్చీ ఎక్కింది.

అంతలో మలుపులో డుగుడుగుమని చప్పుడు. జనం రెండు పాయలుగా చీలి దారి ఇచ్చారు. ఎండలో మెరిసే ట్యాంకు వెనక నిటారుగా కూర్చుని అత్తగారు వచ్చారు. ప్రెస్సు యజమాని తనకు తెలియకుండానే చేతులు జోడించాడు. ఆవిడ ఒక్క కుదుపైనా లేకుండా బండి ఆపి, స్టాండు వేశారు.

"అమ్మా!" అంటూ కొడుకు ఆవిణ్ణి చుట్టేసుకున్నాడు.

"వంతెన దాకా వెళ్లొచ్చానురా. అబ్బ, ఎంత గాలో! ఇంతమంది వచ్చారేమిటి?"

అందరి చూపులూ గోడ మీదికి మళ్లాయి. ఆవిడే పోస్టరు దగ్గరికి వెళ్లి, కళ్లజోడు సర్దుకుని మొదటి నుంచి చివరిదాకా చదివారు.

"'గడప దాటని ఇల్లాలు' అట. అచ్చుతప్పు పడిందిరా, దిద్దించు."

మర్నాటి నుంచి కోడలు డ్యూటీకి వెనక సీటు మీద కూర్చుని వెళుతోంది.