మావారు నిలబడాలి

ఆ శనివారం ఉదయం ఆమె వేసుకున్న ఏర్పాటు చాలా చిన్నది. ఎనిమిదికి భర్తకు స్నానం, తొమ్మిదికి టిఫిను, పదింటికి ఫిజియోథెరపీ చేయించే అమ్మాయి రావడం, ఆ తర్వాత భర్త కుర్చీలోంచి లేచి నిలబడడం. మొదటి రెండూ ఆమె చేతిలో ఉన్నాయి. మూడోది ఆ అమ్మాయి స్కూటరు చేతిలో ఉంది. నాలుగోది మాత్రం దేవుడి చేతిలో పెట్టక తప్పదనిపించింది.

ఆయనది వీధి చివర సెలూను. ఇరవై ఏళ్లుగా ఆ పేటలో ఆయన ముందు తల వంచని మగవాడు లేడు. రెండు నెలల కిందట దుకాణం బోర్డు తుడుస్తూ స్టూలు మీదనుంచి పడి మోకాలి చిప్ప పగలగొట్టుకున్నాడు. ఆపరేషను బాగానే జరిగింది. ఎముక అతుక్కుంది గానీ ధైర్యం అతుక్కోలేదు. లేవమంటే ఒకరోజు నేల తడిగా ఉందనేవాడు, ఇంకోరోజు మబ్బు పట్టిందనేవాడు. సోమవారం లోపల కాలు మోపకపోతే కీలు బిగుసుకుపోతుందని, మళ్లీ కోయాల్సి వస్తుందని, కోసినా పాత కాలు వస్తుందని చెప్పలేనని డాక్టరు తేల్చేశాడు. కూర్చుని జుట్టు కత్తిరించే విద్య ఇంకా ఎవరూ కనిపెట్టలేదు.

అందుకని ఆమె పొయ్యి మీద నీళ్లు పెట్టి, చర్చి స్త్రీల ఫోను గ్రూపులో ప్రార్థన మనవి రాసింది. "వందనాలు అక్కయ్యలూ. మావారు నిలబడాలి. సోమవారంతో గడువు అయిపోతుంది. ఆయనకేమో పడిపోతానని భయం. ధైర్యంగా నిలబడేలా అందరూ భారంతో ప్రార్థించండి."

రెండు నెలల కిందట ఇదే గ్రూపు ఆ మోకాలి కోసం మూడు రోజులు ఉపవాసం ఉంది. ఆపరేషను కాగానే స్తుతి చెల్లించి, దాన్ని జవాబు వచ్చిన ప్రార్థనల జాబితాలో రాసేసింది. సంఘం దృష్టిలో అది ముగిసిన మోకాలు. ముగియనిది వార్డు ఎన్నిక. దానికి నామినేషన్లు సోమవారంతో ఆఖరు.

ఆ ఎన్నిక సంఘాన్ని అప్పటికే నిలువునా చీల్చింది. సగంమంది ఇప్పటి వార్డు మెంబరు వైపు, సగంమంది అతని ప్రత్యర్థి వైపు. విశ్వాసులు ఎవరికి ఓటేయాలో ప్రసంగంలో చెప్పమని ఇద్దరూ పాస్టరుగారిని అడిగారు. తన వేదిక మీద పోటీపడేవి పాపమూ కృపా మాత్రమేనని ఆయన ఇద్దరినీ పంపేశారు. దాంతో ప్రతి పక్షానికీ ఆయన అవతలి పక్షం మనిషైపోయారు. కుడివైపు బెంచీలవాళ్లు ఎడమవైపు వాళ్లకు వందనాలు చెప్పడం కూడా తగ్గించారు. సరిగ్గా ఇలాంటప్పుడు "మావారు నిలబడాలి" అన్న మాట ఇరవై ఎనిమిది ఫోన్లలో పడింది.

భార్య ఫోనులో ఆ మనవి చదివి ముందుగా వచ్చింది సంఘపెద్ద, రిటైరైన హెడ్మాస్టరు. చంకలో నామినేషను కాగితాల కవరు. మంచివాళ్లు రాజకీయాల్లోకి రావాలని ఆయన ముప్పై ఏళ్లుగా చెబుతున్నాడు. తాను మాత్రం రాలేదు. ఉప్పు డబ్బాలోనే కూర్చుంటే కూరకు రుచి ఎక్కడినుంచి వస్తుందని గుమ్మంలోనే మొదలుపెట్టాడు. ఆమె వంటింట్లోకి వెళ్లి కూర ఒకసారి రుచి చూసి వచ్చింది.

"అయితే నిలబడటం ఖాయమేనామ్మా?" అన్నాడాయన.

"నిలబడి తీరాలండీ. డాక్టరుగారు మరీమరీ చెప్పారు."

"డాక్టరు కూడా మనవైపే అన్నమాట. మరి మద్దతు?"

"రెండు వైపులా ఇద్దరు పట్టుకుంటే చాలన్నారు."

రెండు వైపులా మద్దతున్న అభ్యర్థిని హెడ్మాస్టరు జీవితంలో చూడలేదు. కుర్చీలో ఉన్నాయన చెయ్యి పట్టుకుని, పడినా పరవాలేదని, మొదటిసారి చాలామంది పడతారని, పడగా పడగా అలవాటవుతుందని ధైర్యం చెప్పాడు. భర్తకు ఉన్న కాస్త ధైర్యం కూడా కుర్చీ కిందికి జారిపోయింది.

తర్వాత పాస్టరుగారు వచ్చారు, చొక్కా గుండీలు ఒకదానికి బదులు ఒకటి పెట్టుకుని. తన మందలోంచే మూడో మనిషి లేస్తే రెండు ముక్కలు మూడవుతాయని ఆయన దిగులు. కుర్చీ పక్కన స్టూలు లాక్కుని కూర్చున్నారు.

"బాబూ, ప్రేమతోనే చెబుతున్నాను. మీరు నిలబడకపోతేనే మంచిది."

భర్త ముఖం వెలిగింది. "నిజంగానా అయ్యగారూ?"

"కూర్చున్నచోటే దేవుణ్ని సేవించేవాళ్లు ఎంతమంది లేరు?"

"విన్నావా?" అని ఆయన భార్యవైపు తిరిగాడు.

ఆమె చేతిలో గరిటె ఆగిపోయింది. రెండు నెలలు బతిమాలి, కోప్పడి, చాటుగా ఏడ్చి ఆయన్ను ఇంతదాకా తెచ్చింది. "మీరే ఇలా అంటే నేనెవరికి చెప్పుకోను అయ్యగారూ? ఈయన ఇప్పుడు నిలబడకపోతే ఇంకెప్పటికీ నిలబడరు."

పాస్టరుగారు నిట్టూర్చారు. నోట్లో నాలుక లేని ఈ ఆడకూతురికి ఇంత పదవీకాంక్ష ఉందని పదేళ్లుగా ఆయన పసిగట్టలేకపోయారు.

అంతలో వార్డు మెంబరే వచ్చాడు. చర్చిలో పాటలు నడిపించే అక్క గ్రూపులో చదివి తన భర్తకు చెప్పింది; ఆ భర్త మెంబరు మనిషి. అతనితో కలిపి మెంబరు వెనక ఎనిమిదిమంది. గుమ్మంలో చెప్పులు గుట్టపడ్డాయి. మెంబరు కుర్చీ ముందు గొంతుక్కూర్చుని, తన బుర్ర చూపించి, ఇది నీ చేతికింద పెరిగిన తల అన్నా అని గుర్తుచేశాడు. తనమీద దయ ఉంచి హాయిగా కూర్చొమ్మన్నాడు. ఒకే ఉదయం ఇద్దరు పెద్దమనుషులు కూర్చోమనేసరికి భర్త ఇంకాస్త వెనక్కి వాలి సర్దుకున్నాడు.

హెడ్మాస్టరుకు ఒళ్లు మండింది. నిలబడే మనిషిని కూర్చోబెట్టడమే మీ రాజకీయమా అని మెంబరును నిలదీశాడు. పాటల అక్క భర్త అడ్డొచ్చి, సంఘంవాళ్లచేత నామినేషన్లు వేయించమని ఏ వాక్యంలో ఉందో చూపించమన్నాడు.

"నామినేషనా? ఎవరిది?" అంది ఆమె.

ఎవరూ వినలేదు. "మోకాలండీ, నేను రాసింది మోకాలి గురించి" అని మూడుసార్లు అంది. ఆ గోలలో మోకాలన్న ముక్కే చెవిన పడి, ప్రార్థనకు మోకరించమంటోందనుకుని పాస్టరుగారు కళ్లు మూసుకున్నారు.

మాటకు మాట పెరిగింది. హెడ్మాస్టరూ పాటల అక్క భర్తా ఇరవై ఏళ్లుగా ఒకే బెంచీ మీద కూర్చుని ఒకే పాటల పుస్తకంలో చూసి పాడుకున్నవాళ్లు. కళ్లజోడు మరిచిపోయినవాడికి రెండోవాడు వాక్యం చదివి వినిపించేవాడు. ఇప్పుడు హెడ్మాస్టరు అన్నాడు: "రేపు నీ పక్కన కూర్చుని నేను ప్రభువు బల్ల తీసుకోను."

ఒకే రొట్టె విరిచి పంచుకునే బల్ల గురించి అనగూడని మాట అది. అన్నవాడికీ తెలుసు.

కుర్చీ కిర్రుమంది. "ఆగండి మాస్టారూ," అన్నాడు సెలూనాయన. "నేను నిలబడటం లేదు. ఏ ఎన్నికలోనూ, ఎవరి తరఫునా నిలబడటం లేదు. నా మూలంగా మీరు బల్ల మానుకోవద్దు."

అందరూ ఆయన ముఖం చూస్తున్నారు. భార్య ఒక్కతే ఆయన పాదాలు చూస్తోంది. రెండూ నేలమీద ఉన్నాయి, పక్కపక్కన.

"ఏవండీ," అంది మెల్లగా, "నిలబడ్డారు."

ఆయన కిందికి చూసుకున్నాడు. చూసుకున్నాకే భయం గుర్తొచ్చింది. కాళ్లు వణికి ముందుకు తూలబోతుంటే ఒక చంక కింద హెడ్మాస్టరు, ఇంకో చంక కింద మెంబరు చేతులు వేశారు. నామినేషను కాగితాలు నేలపాలయ్యాయి.

పదింటికి ఫిజియో అమ్మాయి చెప్పుల గుట్ట దాటుకుని లోపలికి వచ్చింది. గదిలో జనాన్ని చూసి, "ఇద్దరు చాలని చెప్పాను కదండీ," అంది. "సరే, పట్టుకున్నవాళ్లు వదలకండి. ముందు ఎడమ కాలు."

వదిలితే మనిషి పడతాడు కాబట్టి ఇద్దరూ వదల్లేదు. ఒకరు ముందు, ఒకరు వెనక అడుగేస్తే మనిషి మెలితిరుగుతాడు కాబట్టి ఇద్దరూ కలిసే వేశారు. కుర్చీ నుంచి కిటికీ దాకా ఆరడుగులు. ఆమె అసలు సంగతి చెప్పేసరికి కిటికీ దగ్గర మొదట నవ్వింది పాస్టరుగారే. పాటల అక్క భర్త కిందపడ్డ కాగితాలు ఏరి హెడ్మాస్టరు చేతికిచ్చాడు. హెడ్మాస్టరు వాటిని తీసుకోలేదు, ఆ చెయ్యి పట్టుకున్నాడు.

ఆమె వంటింట్లోకి వెళ్లి కొంగుతో ముఖం తుడుచుకుంది. పట్టుకోవడానికి ఇద్దరు కావాలనుకుంటే ఇంటినిండా మనుషుల్ని పంపాడు. తను ఎలా రాసినా సరిగ్గా చదువుకోగల దేవుడు ఒకడున్నాడని ఆమెకు చెప్పలేనంత కృతజ్ఞత కలిగింది. తర్వాత టీకి నీళ్లు పెట్టింది. పన్నెండుమందికి పాలు సరిపోకపోతే మెంబరు మనుషులే పరిగెత్తి తెచ్చారు.

ఆదివారం సెలూనాయన చేతికర్రతో, భార్య భుజం పట్టుకుని చర్చికి నడిచి వచ్చాడు. హెడ్మాస్టరూ పాటల అక్క భర్తా పాత బెంచీ మీదే కూర్చుని బల్ల తీసుకున్నారు. పాస్టరుగారు కళ్లు చెమర్చి, రాసుకొచ్చిన కాగితం పక్కనపెట్టి, కృతజ్ఞత గురించి, ఐక్యత గురించి మనసారా మాట్లాడారు. గంటా ఇరవై నిమిషాలు దాటాక కుడివైపు బెంచీలూ ఎడమవైపు బెంచీలూ ఏకమనసుతో, ఎవరూ గ్రూపులో పెట్టకుండానే, ఆయన కూర్చోవాలని ప్రార్థించాయి.